తిరుపతిలో కథోలిక విద్యార్థుల కోసం క్యాంపస్ సేవ: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

తిరుపతిలో కథోలిక విశ్వవిద్యాలయం లేదు. కథోలిక విద్యార్థులు మాత్రం ఉన్నారు. ఎస్వీ యూనివర్సిటీలో, పద్మావతి మహిళా యూనివర్సిటీలో, మెడికల్, వెటర్నరీ, అగ్రికల్చర్ కాలేజీల్లో, ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐసర్‌లలో వాళ్లు కనిపిస్తారు. చాలామంది గుంటూరు, కర్నూలు, కడప వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఊళ్లో ఉన్నప్పుడు పాటల బృందంలో పాడినవాళ్లు, ఉపదేశి గారి దగ్గర జపాలు నేర్చుకున్నవాళ్లు. ఇక్కడికి వచ్చాక ఆదివారం పూజ (మాస్) ఎక్కడో, ఎన్ని గంటలకో చెప్పే మనిషి లేక ఏళ్లు గడిపేస్తారు. వాళ్ల కోసం ఏదైనా చేయమని మీ విచారణ గురువులు (మీ చర్చి సంఘాన్ని చూసుకునే ఫాదర్) మిమ్మల్ని అడిగి ఉండవచ్చు, లేదా ఆ తలంపు మీకే వచ్చి ఉండవచ్చు. మీరు సిస్టర్ అయినా, లెక్చరర్ అయినా, ఎంఎస్‌డబ్ల్యూ చదివిన యువకులైనా ఈ వ్యాసం మీకే. చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న కథోలిక విద్యాసంస్థలో క్యాంపస్ మినిస్ట్రీ ఉద్యోగం చేయాలనుకునేవారికి చివర్లో విడిగా చెప్పాను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ సేవలో కార్యక్రమాలు రెండో స్థానంలోకి వస్తాయి. విద్యార్థి పేరు, ఊరు, టైమ్‌టేబుల్, మనసులోని భయం తెలిశాకే ఏ కార్యక్రమమైనా పెట్టండి. కింద రాసినవన్నీ ఆ లెక్కలోనే రాశాను.

మొదట అనుమతి

1983 నాటి తిరుసభ (కథోలిక చర్చి) చట్టంలో 813వ సూత్రం ఈ పనికి ఆధారం. విద్యార్థుల ఆధ్యాత్మిక సంరక్షణ మేత్రాణుల (బిషప్పుల) బాధ్యత అని, వీలైతే వాళ్ల కోసం ఒక విచారణనే ఏర్పాటు చేయాలని, లేకపోతే కనీసం ఆ పని మీదే గురువులను స్థిరంగా నియమించాలని ఆ సూత్రం చెబుతుంది. కథోలికులవి కాని విశ్వవిద్యాలయాల దగ్గర కూడా విద్యార్థి కేంద్రాలు ఉండేలా చూడాలని అందులోనే ఉంది. కాబట్టి అనుమతి అడిగేటప్పుడు మొహమాటపడకండి. తిరుసభ తానే రాసుకున్న మాటను గుర్తు చేస్తున్నారంతే.

ఉమ్మడి చిత్తూరు జిల్లా కడప మేత్రాసనం (బిషప్పు పరిధి) కిందికి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట లాంటి ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి కలిశాయి. జిల్లా మారినంత మాత్రాన మేత్రాసనం మారదు. అటువైపు కాలేజీల్లో పని చేయాలనుకుంటే నెల్లూరు వాళ్లతో మాట్లాడాలి.

విచారణ గురువుల ద్వారా ఒక పేజీ ఉత్తరం రాయండి. ఎవరు చూసుకుంటారు, ఎక్కడ కలుస్తారు, పాపసంకీర్తనానికీ (గురువుల ముందు పాపాలు ఒప్పుకోవడానికీ) పూజకూ ఏ గురువులు వస్తారు, ఖర్చు ఎలా గడుస్తుంది, ఈ నాలుగూ అందులో ఉంటే చాలు. ఖర్చు పెద్దగా ఉండదు. టీ, బిస్కెట్లు, అప్పుడప్పుడు దూరం నుంచి వచ్చే పిల్లలకు ఆటో చార్జీలు. విచారణలో రెండు మూడు కుటుంబాలు తలచుకుంటే సరిపోతుంది. విద్యార్థుల దగ్గర చందా మాత్రం వసూలు చేయకండి.

విద్యార్థులను కనుక్కోవడం

క్యాంపస్ గేటు దగ్గర నిలబడి కరపత్రాలు పంచడం ఈ పనికి దారి కాదు. ఎందుకో తర్వాత చెబుతాను. మంచి దారి వాళ్ల సొంత విచారణల నుంచి మొదలవుతుంది. అడ్మిషన్ల కాలంలో గుంటూరు, కర్నూలు, కడప, నెల్లూరు మేత్రాసనాల్లోని గురువులకు ఒక చిన్న సందేశం పంపండి: 'మీ విచారణ నుంచి తిరుపతికి చదువుకోవడానికి వచ్చే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఇష్టపడితే, మా నంబరు వాళ్లకు ఇవ్వండి.' గమనించండి, మనం వాళ్ల నంబర్లు అడగడం లేదు. మన నంబరు ఇస్తున్నాం. ఫోన్ చేయాలో వద్దో విద్యార్థి ఇష్టం.

రెండో దారి ఆదివారం పూజ. చివరి ప్రకటనల్లో ఒక్క వాక్యం చెప్పించండి: 'చదువుకోవడానికి వచ్చినవాళ్లు పూజ తర్వాత పది నిమిషాలు ఆగండి.' ఆగినవాళ్లతో మీరే ముందుగా మాట్లాడండి. ఏ ఊరు, ఏ కోర్సు, హాస్టలా రూమా, ఇంటికి ఎప్పుడు వెళ్తారు. మొదటి రోజే జపమాల వేసుకున్నావా, పాపసంకీర్తనం ఎప్పుడు చేశావు అని అడగకండి. మళ్లీ రారు.

ఇక్కడే టైమ్‌టేబుల్ సంగతి వస్తుంది. అమ్మాయిల హాస్టళ్లలో బయటికి వెళ్లే, తిరిగి రావాల్సిన వేళలు ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో మంచి భోజనం ఉంటుంది, వారమంతా దాని కోసం ఎదురుచూసే పిల్లల్ని పన్నెండున్నర దాకా కూర్చోబెడితే మనసంతా అక్కడే ఉంటుంది. ఏర్పేడు వైపు నుంచి వచ్చేవాళ్లకు రేణిగుంట మీదుగా బస్సు దొరకాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊళ్లో రద్దీ వేరేగా ఉంటుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్న తర్వాతే మీటింగ్ ఎన్ని గంటలకో నిర్ణయించండి. కొన్నిసార్లు పిల్లలు రాకపోవడానికి విశ్వాసం తక్కువై కాదు, బస్సు లేక.

పేర్లు, ఫొటోలు, సర్టిఫికెట్లు

ఈ భాగాన్ని నెమ్మదిగా చదవండి. ఆంధ్రలో విద్యార్థుల మధ్య పనిచేసే ప్రతి కథోలిక సేవకుడికీ ఇది తెలిసి ఉండాలి, కానీ మీటింగుల్లో ఎవరూ పైకి మాట్లాడరు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు. దళిత క్రైస్తవులకు సమాన హోదా కోసం వేసిన పిటిషన్ 2004 నుంచి సుప్రీంకోర్టులో ఉంది. దీన్ని పరిశీలించడానికి 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేసింది.

ఇదంతా పేపర్లో వచ్చే వార్త మాత్రమే కాదు. మీ ముందు కూర్చున్న అబ్బాయి సీటు, స్కాలర్‌షిప్, రేపటి ఉద్యోగం దీనితో ముడిపడి ఉండవచ్చు. గుడికి (చర్చికి) వచ్చినట్టు ఫొటో ఫేస్‌బుక్‌లో పడితే ఏమవుతుందోనని టెన్షన్ పడే పిల్లలు ఉన్నారు. అందుకే వెనక బెంచీలో కూర్చుని పూజ అయిపోగానే వెళ్లిపోతారు. అలాంటి విద్యార్థిని 'సిగ్గుపడుతున్నావా' అని నిలదీయకండి. కుల సర్టిఫికెట్‌లో ఏముందని అడగకండి. అలాగని అబద్ధం చెప్పమని సలహా కూడా ఇవ్వకండి. తనే వచ్చి అడిగితే చట్టం తెలిసిన న్యాయవాది దగ్గరికి పంపండి, దగ్గరుండి విషయం అర్థమయ్యేలా చూడండి. ఈ చట్టం ఇలా ఉండటం అన్యాయమని నేను నమ్ముతాను. కానీ ఆ పోరాట భారాన్ని పంతొమ్మిదేళ్ల పిల్లవాడి నెత్తిన ఒంటరిగా పెట్టకూడదు.

ఆచరణలో ఇలా చేయండి. హాజరు పట్టిక పెట్టకండి. మీటింగ్ ఫొటోలు ఎక్కడా పోస్ట్ చేయకండి, మేత్రాసన పత్రికకు పంపాల్సి వస్తే ముఖాలు కనిపించనివి పంపండి. మామూలు వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. దాని బదులు వాట్సాప్ కమ్యూనిటీ పెట్టి, ప్రకటనలు అందులోనే ఇవ్వండి. అక్కడ సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. అమ్మాయిల విషయంలో ఇది ఇంకా అవసరం.

ఈ ఊరిలో ఎలా నడుచుకోవాలి

తిరుపతి కోట్లాది మంది భక్తుల పుణ్యక్షేత్రం. ఇక్కడ కథోలిక సేవ చేసేవాళ్లు ఆ మాటను మనస్ఫూర్తిగా గౌరవించాలి. తిరుమల కొండపై అన్యమత ప్రచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2007లో నిషేధించింది. ఎస్వీ ఆర్ట్స్, గోవిందరాజస్వామి, పద్మావతి మహిళా డిగ్రీ కాలేజీల లాంటివి టీటీడీ నడుపుతోంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. కాబట్టి క్యాంపస్‌ల లోపల ప్రార్థనా కూటాలు, హాస్టల్ గదుల్లో బైబిలు పంపకాలు పెట్టుకోకండి. మీ పని గుడి ఆవరణలోనో, విచారణ హాల్లోనో, ఇష్టపడి పిలిచిన కుటుంబం ఇంట్లోనో జరగాలి.

ఇది భయంతో చెబుతున్న మాట కాదు. విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతం చేయకూడదని రెండో వాటికన్ మహాసభ 1965లో స్పష్టంగా ప్రకటించింది. మన పని ఇప్పటికే జ్ఞానస్నానం పొందిన పిల్లల సంరక్షణ. వాళ్లతో పాటు వేరే మతానికి చెందిన స్నేహితురాలు ఇంగ్లీషు క్లాసుకో, రక్తదానానికో వస్తే ఆప్యాయంగా కూర్చోబెట్టండి, ఆ పని వరకే ఉండండి. సాయం చేసి దాని వెనక ఏదో ఆశించారన్న మాట ఒక్కసారి పుడితే, ఆ నష్టం మీకే కాదు, ఆ క్యాంపస్‌లో చదివే మన పిల్లలందరికీ.

ఇక్కడ తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. రూమ్‌మేట్ అలిపిరి నుంచి మెట్లెక్కి దర్శనం చేసుకుని, లడ్డూ తెచ్చి ప్రేమగా చేతిలో పెడతాడు. 'తినొచ్చా?' అని మన విద్యార్థి అడుగుతాడు. అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేసి పంపకండి. పునీత పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖలో 8, 10 అధ్యాయాలు కలిసి చదవండి. నైవేద్యంగా పెట్టిన ఆహారం గురించి ఆనాటి విశ్వాసులు అడిగినదీ ఇలాంటి ప్రశ్నే. పౌలు అక్కడ అంతరాత్మ గురించీ, పక్కనున్న మనిషి మనసు గురించీ మాట్లాడతాడు. చదివాక విద్యార్థి తన అంతరాత్మ ప్రకారం నిర్ణయించుకుంటాడు. మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే: ఏ నిర్ణయం తీసుకున్నా, ప్రేమతో తెచ్చిన స్నేహితుడిని అవమానించే మాట నోటి నుంచి రాకూడదు. నన్నడిగితే ఒక ఏడాది క్యాటకిజం (విశ్వాస బోధ) క్లాసుల కంటే ఈ ఒక్క సంభాషణలో ఎక్కువ ఒరుగుతుంది.

వారం వారం ఏం చేయాలి

మొదటి ఏడాది రిట్రీట్లు, సదస్సులు, బ్యానర్లు వద్దు. వారానికి ఒక్క గంట, ఒకే చోట, ఒకే వేళ. ముగ్గురు వచ్చినా జరపండి, ఇంటర్నల్స్ వారంలో ఒక్కరే వచ్చినా జరపండి. ఆ గంటలో ఒక పాట, ఆ ఆదివారపు సువిశేషం (యేసు గురించిన బైబిలు భాగం), దాని మీద మాటలు, చివర్లో టీ. నెలకోసారి గురువులు వచ్చి పాపసంకీర్తనానికి కూర్చుంటే చాలు.

ఏం మాట్లాడాలో తోచకపోతే అమెరికా మేత్రాణులు 1985లో క్యాంపస్ సేవ మీద ఇచ్చిన పత్రం ఒక దారి చూపుతుంది. విశ్వాస సమాజాన్ని కట్టడం, విశ్వాసాన్ని సొంతం చేసుకోవడం, అంతరాత్మను తీర్చిదిద్దడం, న్యాయం నేర్పడం, వ్యక్తిగా ఎదగడానికి తోడ్పడటం, నాయకులను తయారుచేయడం అని అందులో ఆరు పనులు చెప్పారు. మన దగ్గర మొదటిది బాగానే చేస్తాం, పాటలకూ భోజనాలకూ లోటుండదు. మూడోది, నాలుగోది దాదాపు వదిలేస్తాం. పరీక్షలో చిట్టీలు పెట్టడం, డబ్బిచ్చి ప్రాజెక్టు రాయించుకోవడం, అక్క పెళ్లికి కట్నం మాట్లాడుతుంటే ఇంట్లో నోరు విప్పాలా వద్దా, ప్రేమించినవాళ్ల కులం తెలిశాక వెనక్కి తగ్గడం. పిల్లల జీవితంలో అంతరాత్మ నలిగేది వీటి దగ్గరే. మన సంఘాల లోపలే కులం ఉందన్న నిజాన్ని వాళ్ల ముందు ఒప్పుకోండి. మీరు ఒప్పుకోకపోయినా వాళ్లకు తెలుసు.

పండుగల విషయం క్లుప్తంగా చెబుతాను. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం వర్కింగ్ డే కాబట్టి సాయంత్రం పూజ వేళ ముందే తెలియజేయండి. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదల మాత ఉత్సవం, పిల్లలు వెళ్లాలని ఉబలాటపడతారు. పరీక్షలు చూసుకుని, ఇంట్లో చెప్పి, పెద్దవాళ్లను తోడిచ్చి పంపండి. క్రిస్మస్‌కు చాలామంది ఊళ్లకు వెళ్లిపోతారు కనుక అంతకు ముందు వారాల్లో, అంటే ఆగమన కాలంలోనే ఒక సాయంత్రం కలుసుకోండి. ఈశాన్య రాష్ట్రాల నుంచి, కేరళ నుంచి వచ్చి సెలవుల్లో ఇంటికి వెళ్లలేని వాళ్లుంటే, పండుగ రోజు వాళ్లకు ఎవరింట్లో భోజనమో ముందే మాట్లాడి ఉంచండి.

ఒంటరిగా మాట్లాడాలని వచ్చినప్పుడు

కొన్ని నెలలు నిలకడగా ఉంటే ఎవరో ఒకరు మీటింగ్ అయ్యాక ఆగి, 'మీతో కొంచెం మాట్లాడాలి అక్కా' అంటారు. ఇక్కడి నుంచి పని బరువు పెరుగుతుంది.

ఎక్కడ మాట్లాడతారో ముందే నిర్ణయించుకోండి. గుడి ఆవరణలో నలుగురికీ కనిపించే చోటు, లేదా తలుపు తెరిచి ఉన్న గది. విద్యార్థి రూముకు మీరు వెళ్లకండి, రాత్రిపూట వ్యక్తిగత చాటింగ్ పెట్టుకోకండి. ఇది మీ పరువు కోసం కంటే ముందు విద్యార్థి భద్రత కోసం.

పాపసంకీర్తన రహస్యం గురువులది. దాన్ని ఏ కారణం చేతా బయటపెట్టకూడదు. మీరు గురువులు కాకపోతే మీకు ఆ రహస్య నియమం వర్తించదు, ఈ తేడా విద్యార్థికి మొదటే చెప్పండి: 'నీ మాట నేను ఎవరికీ చెప్పను. కానీ నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉంటే, ఎవరైనా చిన్నపిల్లలకు హాని జరుగుతుంటే, సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. అదీ నీకు చెప్పే చేస్తాను.' ఇంటర్ పిల్లలు, ఫస్టియర్‌లో కొందరు పద్దెనిమిది నిండనివాళ్లు. అలాంటివారిపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. నిందితుడు గుడికి సంబంధించినవాడైనా చట్టం అదే. సంఘం పేరు పోతుందని ఆపమనే పెద్దలు ఎదురవుతారు, ఆగకండి.

బ్యాక్‌లాగ్స్ పేరుకుపోయి, ఇంట్లో చెప్పలేక, చనిపోవాలని ఉందని విద్యార్థి అంటే దాన్ని బైబిలు వాక్యంతో దాటేయకండి. ఆత్మహత్య ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందన్నది అపోహ. ఆ పూట ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు మీ ఎదుటే ఫోన్ చేయించండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రుయా లాంటి పెద్దాసుపత్రిలో సైకియాట్రిస్టు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. ప్రార్థన చేయండి, మందులు మానేయమని మాత్రం ఎన్నడూ అనకండి. ర్యాగింగ్ అయితే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. కాలేజీలో లైంగిక వేధింపులైతే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదు రాయడంలో పక్కన కూర్చుని సాయపడండి.

విద్యార్థుల చేతికి ఇవ్వడం

రెండో ఏడాది నుంచి మీటింగ్ నడపడం వాళ్లకే అప్పగించండి. ఒక్కో క్యాంపస్ నుంచి ఒకరు, అబ్బాయిలూ అమ్మాయిలూ సమానంగా. సువిశేషం మీద మాట్లాడేది వాళ్లు, మీరు పక్కన. ఆఖరి సంవత్సరం వాళ్లు డిసెంబరుకల్లా బాధ్యతలు జూనియర్లకు ఇచ్చేయాలి, లేకపోతే వేసవి సెలవులతో అంతా ఆగిపోతుంది. బయటి సాయం కావాలంటే ఐకఫ్ అని పిలిచే అఖిల భారత కథోలిక విశ్వవిద్యాలయ సమాఖ్య ఉంది. 1924లో మద్రాసులో మొదలైంది, సామాజిక న్యాయం మీద దాని పట్టు ఎక్కువ. కేరళలో పుట్టిన జీసస్ యూత్ అనే యువజన ఉద్యమం ప్రార్థన, స్తుతి వైపు మొగ్గుతుంది. 2016లో వాటికన్ దాన్ని గుర్తించింది. మీ పిల్లల స్వభావం చూసి ఎంచుకోండి. రెండింటితోనూ స్నేహంగా ఉండవచ్చు.

కథోలిక విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వెళ్తే

బెంగళూరులో క్రైస్ట్, సెయింట్ జోసెఫ్స్ యూనివర్సిటీలు, చెన్నైలో లయోలా కాలేజీ, విజయవాడలో ఆంధ్ర లయోలా, మారిస్ స్టెల్లా కాలేజీలు కథోలిక సంస్థలే. అలాంటి చోట చేరితే అక్కడ ప్రార్థనాలయం, జీతం, ఆఫీసు అన్నీ ఉంటాయి. కానీ విద్యార్థుల్లో ఎక్కువమంది కథోలికులు కారు. 28వ అధికరణ మూడో భాగం ప్రకారం, గుర్తింపు పొందిన లేదా ప్రభుత్వ సాయం అందుకునే సంస్థలో ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా మతబోధలో, ఆరాధనలో పాల్గొనమని బలవంతం చేయకూడదు. మైనర్లయితే సంరక్షకుల సమ్మతి కావాలి.

రెండో జాన్ పాల్ పోపుగారు 1990లో కథోలిక విశ్వవిద్యాలయాల మీద ఇచ్చిన ఎక్స్ కోర్దే ఎక్లేసియే అనే పత్రాన్ని ఇంటర్వ్యూకు ముందు చదవండి. మత, నైతిక సూత్రాలను చదువుతోనూ చదువు బయటి పనులతోనూ కలిపి, విశ్వాసాన్ని జీవితంలోకి తెచ్చుకునే అవకాశం ఇవ్వడమే క్యాంపస్ సేవ అని అందులో ఉంది. ప్రతి ఒక్కరి అంతరాత్మ స్వేచ్ఛను పూర్తిగా గౌరవించాలనీ ఉంది. రోజువారీ పని ఇలా ఉంటుంది: అందరికీ విలువల బోధన క్లాసులు, కథోలిక పిల్లలకు క్యాటకిజం, పూజ ఏర్పాట్లు, సర్వమత ప్రార్థనలు, పల్లెల్లో సేవా శిబిరాలు, కౌన్సెలింగ్. అధ్యాపకులనూ, ఆఫీసు సిబ్బందినీ, ఊడ్చే ఆయమ్మలనూ కూడా మీ పరిధిలోనే చూసుకోండి. విద్యార్థులు మూడేళ్లకు వెళ్లిపోతారు, వాళ్లు ముప్పై ఏళ్లు అక్కడే ఉంటారు.

చదువు విషయానికొస్తే సోషల్ వర్క్ లేదా కౌన్సెలింగ్‌లో పీజీ, దానితో పాటు వేదాంతంలో కనీసం ఒక డిప్లొమా ఉంటే మేలు. ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి రెండున్నాయి. విద్యార్థి రహస్యంగా చెప్పిన విషయం యాజమాన్యానికి తెలపాలని నన్ను అడుగుతారా? యాజమాన్యంపై ఫిర్యాదుతో విద్యార్థి నా దగ్గరికి వస్తే నేను ఎవరి పక్షాన నిలబడాలని మీరు కోరుకుంటున్నారు? జవాబులు విని, ఆ తర్వాతే చేరాలో వద్దో నిర్ణయించుకోండి.